ఒక్కడికి సరిపోయే సిస్టం

నాకు చిన్నప్పటి నుంచి ఒక జబ్బు ఉంది. ఎవరు ఏ వస్తువు ఇంటికి తెచ్చినా "ఇది ఎందుకు?" అని అడుగుతాను. అడిగి ఊరుకోను. జవాబు నచ్చేదాకా ఆ వస్తువును గడప దాటనివ్వను. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటర్లో ల్యాబ్ చూసుకునే రోజుల్లో ఈ జబ్బు గుణంగా చెల్లింది. కాపురంలో చెల్లలేదు. ఆ కాపురం ఆరు నెలలు కూడా నిండలేదు, ఇప్పటికీ ఈ పైగదిలో నేనొక్కణ్నే ఉంటున్నాను.

ఈ జబ్బు మా ఇంటి గోడల్లోంచే వచ్చిందని నా అనుమానం. ఎనభైల్లో, దిల్‌సుఖ్‌నగర్ వెనక ఉన్న చేన్లన్నింటిలో హద్దురాళ్లు పాతి ప్లాట్లు చేస్తున్న కాలంలో, బస్సు డ్రైవరైన మా నాయన నల్లగొండ దిక్కు ఊరి నుంచి మమ్మల్ని తెచ్చి ఇక్కడ దింపాడు. కిరాయి ఇల్లు ఎప్పుడు వదులుతామా అన్న తొందర ఆయనది. కాలనీలో అందరూ చేసినట్టే మేమూ కట్టీ కట్టని ఇంట్లోకి చేరాం. ఒక గది, పైన స్లాబు, ముందర ఒక తలుపు. గోడలకు ప్లాస్టరింగు లేదు, కింద మొరం, కిటికీలకు రెక్కల బదులు గోనెసంచులు. పాలు పొంగించిన రోజు మా మేనత్త చీరకొంగుతో పొగ విసురుకుంటూ "దర్వాజ ఉన్నది, మీద కప్పున్నది. ఇగ ఇల్లే గదా" అంది.

స్నానాల గది ఏడాదికి వచ్చింది. కిటికీ రెక్కలు రెండేళ్లకు వచ్చాయి. ఏది తేవాలన్నా ముందు ఇంట్లో ఒకటే ప్రశ్న: ఇది లేకుండా ఇంకెన్నాళ్లు గడుస్తుంది? గడుస్తుందని ఎవరైనా నోరు జారితే చాలు, ఆ పని వాయిదా పడేది. నేను అట్లా పెరిగాను. లేకుండా గడపడం పేదరికమని ఆ వయసులో నాకు తెలియదు, అదేదో గొప్ప తెలివి అనుకున్నాను. పెద్దయ్యాక కూడా అట్లాగే అనుకున్నాను, అదీ వచ్చిన చిక్కు.

ఇక అసలు సంగతి. కొత్త శతాబ్దం మొదలైన రోజుల్లో నాకు పెళ్లయింది. ఆమె మా సెంటర్లోనే సి లాంగ్వేజి చెప్పేది. వాళ్లది కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఎల్‌బీ నగర్‌లో స్థిరపడిన కుటుంబం. మా ల్యాబులో అప్పుడు ఒక పెద్ద యూనిక్స్ కంప్యూటరు, దానికి తగిలించిన పన్నెండు తెరలు ఉండేవి. ఒక తెర ముందు కూర్చున్నవాళ్లు ఇంకో తెర మీదికి ఒక లైను రాసి పంపే చిన్న ప్రోగ్రాం దానిలో ఉండేది. ఒకరోజు నేను ఏదో సరిచేస్తుంటే నా తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట ఒకటి వచ్చి పడింది: "మీ చొక్కా గుండీ ఊడింది, పై నుంచి రెండోది." తలెత్తి చూస్తే చివరి తెర ముందు ఆమె చాలా శ్రద్ధగా పాఠం తయారు చేసుకుంటున్నట్టు కూర్చుంది. అంత కాలమూ నన్ను ఎవరూ అంత దగ్గరగా చూడలేదు. ఏడాది తిరిగేసరికి పెద్దవాళ్లు ఒప్పుకున్నారు. ఇద్దరూ ఒకేచోట ఎందుకని పెళ్లయ్యాక ఆమె సెంటర్ మానేసి వేరే ఉద్యోగం వెతుక్కోవడం మొదలుపెట్టింది.

అప్పటికి అమ్మా నాయనా పోయారు. కింద మేనత్త ఉండేది, పైన కొత్తగా లేపిన గదిలో మేం. పెళ్లయిన రెండో నెలలో ఆమె పుట్టింటివాళ్లు సారెగా ఒక ఇనుప బీరువా పంపించారు. ట్రాలీ ఆటో గేటు ముందు ఆగింది. నేను మెట్లు దిగి వచ్చి "ఇది ఎందుకు? ఇద్దరి బట్టలకు ఒక దండెం సరిపోతది" అని, బీరువా దించకుండానే ఆటోను వెనక్కి తిప్పాను. అత్తింటి సొమ్ము ముట్టని మొనగాణ్నని లోపల మురిసిపోయాను కూడా. ఆమె ఆ రోజంతా నాతో మామూలుగానే మాట్లాడింది. మామూలుగా మాట్లాడటానికి ఆమె ఎంత కష్టపడిందో నాకు అందలేదు.

అంతలో ఆషాఢం వచ్చింది. కొత్త కోడలు ఆ నెల అత్తింట్లో ఉండకూడదు. మా ఇంట్లో అత్త స్థానంలో ఉన్నది మేనత్తే కనుక ఆమే పట్టుబట్టి పంపించింది. శ్రావణం రాగానే నేను ఎల్‌బీ నగర్ పోయి ఆమెను తీసుకురావాలి. పద్ధతి అది. బస్సులో పావుగంట దూరం.

ఆ నెల గడపడానికి నేను ఒక పని పెట్టుకున్నాను. సెంటర్లో ఒకప్పుడు ఆమె వాడి, తరవాత పక్కన పడేసిన పాత కంప్యూటరును ఆమెకు చెప్పే ఇంటికి తెచ్చుకున్నాను. దాని డిస్కు ఎంత చిన్నదంటే, సీడీల్లో రెడీమేడ్‌గా వచ్చే, కంప్యూటరును నడిపించే లినక్స్ అనే సిస్టం అందులో ఊపిరాడక ఇరుక్కునేది. ఆ సీడీల్లో వందల ప్రోగ్రాంలు ఉంటాయి, ఎవరికి ఏది కావాలో అని అన్నీ వేసి పంపిస్తారు. నాలాంటివాడికి అది పెళ్లి భోజనం విస్తరి చూసినట్టు ఉంటుంది, సగం వృథా. దానికి ఇంకో దారి ఉంది. ఒక్కో ప్రోగ్రాం సోర్సు కోడు, అంటే మూలపాఠం, తెచ్చుకుని, ఎవరికి వారే తమ కంప్యూటర్లోనే దాన్ని తయారు చేసుకుంటూ, ఒక్కొక్కటే పేర్చి సొంత సిస్టం కట్టుకోవచ్చు. అట్లా తెచ్చుకునే ఒక్కో కట్టను ప్యాకేజీ అంటారు. ఏ ప్యాకేజీ ఉండాలి, ఏది అక్కర్లేదు అన్నది పూర్తిగా కట్టేవాడి ఇష్టం. నా జబ్బుకు అంతకు మించిన పండగ ఉంటుందా?

డిస్కును రెండు భాగాలు చేశాను. ఒక భాగంలో పాత లినక్స్, రెండో భాగంలో కట్టబోయేది. కిరాయి ఇంట్లో ఉంటూ సొంత ఇల్లు కట్టుకోవడం లాంటిదే. పాత భాగంలో ఆమె పేరు మీద కూడా ఒక అరలాంటిది ఉండేది, అందులో ఆమె పాఠాలు, బయోడేటా, ఏవో ఉత్తరాలు. పని మధ్యలో ఎక్కడైనా పొరపాటు జరిగితే పోతాయని ముందుగా వాటన్నింటినీ నాలుగు ఫ్లాపీల్లోకి ఎత్తి, మీద ఆమె పేరు రాసి, రబ్బరుబ్యాండు వేసి పెట్టాను. ఆ జాగ్రత్త చూసి నన్ను నేనే మెచ్చుకున్నాను.

మా సెంటర్ కరపత్రాల వెనక వైపు తెల్లగా ఉండేది. ఆ కాగితాల మీద ప్యాకేజీల పేర్లన్నీ వరసగా రాసి గోడకు అంటించాను. కొన్నింటికి వాదన లేదు. అన్నింటికీ అడుగున ఉండే కెర్నెల్, ప్రతి ప్రోగ్రామూ ఆనుకునే సి లైబ్రరీ, మనం చెప్పింది వినే షెల్, ఫైళ్లు జరిపే చిన్న చిన్న పనిముట్లు. పొయ్యి, గిన్నె, నీళ్లు అన్నమాట. తరవాత మొదలైంది అసలు పంచాయితీ. ప్రింటరుకు సంబంధించినవి? ప్రింటరే లేదు, కొట్టేశాను. టపా పంపేది? ఎవరికి పంపాలి, కొట్టేశాను. మనం మరిచిపోయిన పనిని వేళకు గుర్తుచేసి చేసేది? నాకు మతిమరుపు లేదు. వేరే భాషల్లో సందేశాలు చూపేది? అందులో తెలుగు ఎట్లాగూ లేదు. కొట్టేసిన ప్రతిదాని పక్కనా ఎర్ర పెన్నుతో "అవసరం లేదు" అని రాసేవాణ్ని. రాస్తుంటే ఒళ్లు తేలికయ్యేది. ఇంత సుఖం ఏ పండగ షాపింగులోనూ నాకు దొరకలేదు.

పొద్దున సెంటర్‌కు పోయేముందు ఒక ప్యాకేజీని తయారీకి, మా భాషలో కంపైల్‌కు, ఎక్కించి పోయేవాణ్ని. ఆ ముసలి కంప్యూటరు సాయంత్రం దాకా దాన్ని నములుతూ ఉండేది. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికి. మేనత్తకు ఇదంతా వంట లెక్క. నేను గేటు తీస్తూనే పైకి చూపించి అడిగేది.

"ఉడికిందా?"

"ఇంకా లేదత్తా."

"ఏం బియ్యం రా అవి? పొద్దుగాల ఎక్కిస్తే పొద్దుమీకినా ఉడుకవు. ఆ పిల్ల ఉంటే గింత సేపు పడునా?"

పెర్ల్ అని ఒక ప్యాకేజీ ఉంది. నేను ఆ భాషలో ఒక్క లైను రాయను కనుక మొదటిరోజే ఎర్ర పెన్ను పడింది. మూడో ఆదివారం నాడు వేరే ప్యాకేజీ ఒకటి సగం ఉడికి ఆగిపోయింది. రెండు గంటలు తల బద్దలు కొట్టుకున్నాక తెలిసింది, దాన్ని తయారు చేయడానికి పెర్ల్ కావాలి. నాకు అక్కర్లేదని తీసేసినదాని మీద ఇంకెవరో ఆనుకుని ఉన్నారు. పంటి కింద రాయి పడ్డట్టయింది. కోపంగా పెర్ల్‌ను వెనక్కి పిలిచాను. ఆ కోపంలో నేర్చుకోవాల్సింది ఒకటి ఉండె, నేర్చుకోలేదు. పని కాగానే సెంట్రింగు చెక్కలు పీకేసినట్టు దాన్ని పీకేశాను. స్లాబు ఆరేదాకా చెక్కలు కావాలి, ఆరాక చెక్కలెందుకు అన్నది నా వాదన.

ఆషాఢంలో మా వీధిలో బోనాలు పోయాయి. డప్పుల చప్పుడుకు కిటికీ అద్దాలు అదిరాయి. మేనత్త పసుపు రాసిన కుండను నెత్తిన పెట్టుకుని పోతూ పైకి చూసి, పోయినేడు కిటికీ దగ్గర నేనొక్కణ్నే కనిపించేవాణ్నని, ఈ ఏడన్నా పక్కన ఇంకో మొహం కనిపించాల్సిందని వీధంతా వినేట్టు అంది. నవ్వులాటకే అంది. నేను కిటికీ వేసుకున్నాను. ఆ సాయంత్రమే చిన్న పనిముట్లన్నీ ఒకే కట్టగా వచ్చే ప్యాకేజీ దగ్గరికి వచ్చాను. అందులోంచి కావలసినవి ఏరుకోవాలి. ఆ వరసలో, ఒక తెర నుంచి ఇంకో తెరకు లైను రాసి పంపే ఆ ప్రోగ్రాం కనిపించింది. ఎంత ఉంటుంది, చిటికెడు. ఉంచినా డిస్కుకు తెలియదు. చాలాసేపు ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నాను. నాకు ఆమె మీద బెంగగా ఉంది. ఆ మాట పైకి ఒప్పుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. ఆ రోజు మాత్రం, ఒక్క తెర ఉన్న కంప్యూటర్లో ఎవరు ఎవరికి రాస్తారని వాదించుకుని దాన్నీ కొట్టేశాను. కొట్టేశాక గదిలో ఒక్కణ్నే ఉన్నానన్న సంగతి ఇంకా గట్టిగా తెలిసింది.

శ్రావణం వచ్చింది. మొదటి వారం గడిచింది. సి లైబ్రరీలో ఏదో తిరకాసు వచ్చి మళ్లీ మొదటి నుంచి ఎక్కించాల్సి వచ్చింది. అది అయ్యాక పోదామనుకున్నాను. రెండో వారంలో సెంటర్‌కు ఫోన్ వచ్చింది. ల్యాబులోంచి పరిగెత్తి వచ్చి రిసీవర్ తీసుకున్నాను.

"ఎప్పుడొస్తున్నావు?" అంది ఆమె. మేమిద్దరమే ఉన్నప్పుడు నువ్వు అనేది, మేనత్త ముందు మీరు అనేది.

"ఎక్కడికి?" అన్నాను నేను.

దేవుడి సాక్షిగా చెప్తున్నాను, వెటకారం కాదు. నా బుర్రలో ఆ నిమిషాన సి లైబ్రరీ తప్ప ఇంకేమీ లేదు.

"ఏం లేదులే. నీ సిస్టం ఎంతవరకు వచ్చింది?"

"ఇంకో వారంల అయిపోతది. నువ్వెప్పుడొస్తవు మరి? బస్సెక్కితే పావుగంట గదా."

"చూద్దాం" అని పెట్టేసింది.

ఇంటికొచ్చి ఈ సంగతి మేనత్తకు చెప్పాను, తప్పు నా భార్యదే అన్నట్టు. మేనత్త చిక్కుడుకాయలు తుంచుతోంది. తుంచడం ఆపి నా మొహం చూసింది.

"నీకేమన్న దిమాక్ ఉన్నదా కొడుకా? ఆషాఢం ఒడిసె, శ్రావణం సగమాయె. పోయి తోల్కరాక ఫోన్ల పంచాయితీ పెట్టినవా?"

"ఆమెకు దారి తెల్వదా అత్తా?"

"దారి తెల్వక కూసున్నదా? పెండ్లైన పిల్ల తనంతట తనే మూట సదురుకోని ఒస్తే పిలువని పేరంటమైతది. ఆడ వాళ్ల వాడకట్టు ఏమంటది? బీరువా ఎనుకకు తోలినవ్, ఇప్పుడు పిల్లను గూడ తోలినవా?"

"ఈ మర్యాదలు ఎవరికి అవసరమత్తా?"

"గట్లనే అను. మీ నాయన మొదటి స్లాబు ఏసిన్నాడు పిల్లర్లకు చువ్వలు మీదికి ఎందుకు ఇడిసిండు రా? నీకు అప్పటికి మీసాలు గూడ రాలె. రేపు ఎవలన్న ఒస్తే మీద గది కావాలె గదా అని ఇడిసిండు. ఆయన నీ లెక్క అవసరం లేదని కోసేస్తే నువ్వియ్యాల ఏడ పండుదువు?"

జవాబు లేకపోతే నాకు కోపం వస్తుంది. పైకి పోయి ఆ కోపంతోనే కూర్చున్నాను. మిగిలినవాటిలో పెద్దది ఒకటి ఉంది. కంప్యూటరు వాడే మనుషుల పేర్లు, పాస్‌వర్డులు చూసుకునే ప్యాకేజీ. అది ఉంటే కంప్యూటరు వేయగానే ఎవరు మీరు అని పేరు అడుగుతుంది, పేరును బట్టి వాళ్ల అర వాళ్లకు తెరుస్తుంది. ఒక్కడే ఉన్న ఇంట్లో ఎవరక్కడ అని అడగడం దేనికి? అవసరం లేదు. ఎర్ర పెన్ను కాగితానికి బొక్క పడేంత గట్టిగా నొక్కినట్టు గుర్తు. పేరు అడగకుండా నేరుగా పనిలోకి దిగేటట్టు సిస్టంను మార్చేశాను.

వారంలో అంతా అయిపోయింది. చివరగా, ప్రోగ్రాంలను తయారు చేసే కంపైలర్‌ను కూడా తీసేశాను. ఇల్లు కట్టడం అయిపోయాక మేస్త్రీని ఇంట్లో పెట్టుకుంటామా? పాత లినక్స్ ఉన్న భాగాన్నీ తుడిచేశాను. స్విచ్ వేస్తే, నేను నోట్లో ఇరవై దాకా లెక్కపెట్టేలోపల సిస్టం తయారు. అంత చిన్నగా, అంత శుభ్రంగా ఉన్న సిస్టంను నేను అంతకు ముందు చూడలేదు. గంటలో పదిసార్లు ఆపి మళ్లీ వేశాను. చూపించడానికి ఎవరూ లేరు. మేనత్తను పిలిస్తే వచ్చి నల్లటి తెరను చూసి "ఇంతేనా?" అని కిందికి పోయింది.

వరలక్ష్మీ వ్రతం అయిన మరుసటి వారం, ఒక మధ్యాహ్నం ఆమె వచ్చింది. భుజానికి ఒక్క బ్యాగు. మెట్ల మీద చప్పుడు విని తలుపు తీశాను. వచ్చేసింది, తనే వచ్చేసింది, నేనే గెలిచాను. నిజంగా అట్లాగే అనుకున్నాను. కూర్చోమని కూడా అనకుండా, స్విచ్ వేసి "చూడు" అన్నాను.

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. లైన్లు గబగబా పైకి పోయాయి. ఆమెకు అవన్నీ తెలుసు, పాఠం చెప్పిన మనిషి. చేతులు కీబోర్డు మీద పెట్టి ఎదురుచూసింది. పేరు అడుగుతుందని ఎదురుచూస్తోంది. తెర మీద ఒక్క గుర్తు మాత్రం వచ్చి నిలబడింది.

"పేరు అడగదా?" అంది.

"అడగదు. ఒక్కణ్నే కదా."

ఆమె చేతులు తీసేసుకుంది. కాసేపు గోడ మీది కాగితాలు చదివింది. ఎర్ర పెన్ను వరసలన్నీ, పై నుంచి కింది దాకా, ఒక్కటీ వదలకుండా. తెర నుంచి తెరకు రాసే ప్రోగ్రాం దగ్గర ఆమె చూపు ఆగిందో లేదో చెప్పలేను, నేను అటు చూడలేకపోయాను.

"సర్టిఫికెట్లు తీసుకెళ్దామని వచ్చానండీ. విజయవాడలో ఒక సెంటర్లో రమ్మన్నారు. ఎల్లుండి చేరాలి, రేపు సాయంత్రం బస్సు" అంది. గదిలో మేమిద్దరమే ఉన్నాం, అయినా మీరు అంది. "నా బయోడేటా ఇందులో ఉండాలి, ఉందా?"

"ఉంది, ఉంది" అని ఉత్సాహంగా బల్ల సొరుగు తెరిచి ఫ్లాపీలు తీసి ఇచ్చాను. ఒక్క అక్షరం పోకుండా దాచానని చెప్పబోయాను.

ఆమె ఫ్లాపీల మీద తన పేరు చూసింది. రబ్బరుబ్యాండును ఒకసారి వేలితో లాగి వదిలింది. "నావన్నీ ముందే విడిగా కట్టి పెట్టేశారన్నమాట" అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు తేలికగా ఉండేది. అట్లా కాదు, పోతాయని భయపడి కట్టానని చెప్పాను. ఎప్పుడు కట్టారు అంది. నువ్వు పోయిన మరునాడు అన్నాను. అబద్ధం చెప్పడం చేతకాని మొహం నాది. ఆమె తలూపి, ఫ్లాపీలు బ్యాగులో వేసుకుని, ట్రంకు పెట్టెలోంచి సర్టిఫికెట్ల ఫైలు తీసుకుని దిగిపోయింది. కింద మేనత్త అన్నం తిని పొమ్మని బతిమాలడం వినిపించింది. తరవాత గేటు చప్పుడు.

అప్పుడైనా వెనకాల పోవాల్సింది. పోలేదు. నా బుద్ధికి తోచింది ఏమిటంటే, ఉత్త చేతులతో పోతే మాట నిలవదు, సిస్టంలో ఆమె పేరు పెట్టి, ఇదిగో నీ అర నీకుంది అని చెప్పి తీసుకురావాలి. మర్నాడు సెలవు పెట్టాను. పేర్లు చూసుకునే ప్యాకేజీ కంపైల్ చేయాలంటే కంపైలర్ లేదు, తీసేశాను. కంపైలర్ కావాలంటే పాత లినక్స్ ఎక్కించాలి, అదీ తుడిచేశాను. సీడీ వెతికి, ఒక మూలన పాతదాన్ని మళ్లీ ఎక్కించి, దాంట్లోంచి ఒక్కొక్కటే లేపుకుంటూ వచ్చేసరికి మధ్యాహ్నం కరెంటు పోయింది. నెల రోజులుగా ఎంత ముచ్చటపడి పీకానో అంత ముచ్చటా ఆ ఒక్కరోజులో నాకు అప్పజెప్పింది ఆ పెట్టె. మేనత్త రెండుసార్లు పైకి వచ్చి "ఇంకా పోలేదా?" అంది. ఇదిగో, అయిపోతోంది, అయిపోతోంది అన్నాను. చివరకు స్విచ్ వేస్తే సిస్టం ఆగి పేరు అడిగింది. ఆమె పేరు కొట్టాను, లోపలికి రానిచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. చొక్కా మార్చుకుని మెయిన్ రోడ్డుకు పరిగెత్తాను.

ఎల్‌బీ నగర్ చౌరస్తాలో ఎప్పటిలాగే ఆంధ్రా దిక్కు పోయే బస్సులు బారులు తీరి ఉన్నాయి. సూట్‌కేసులు, మూటలు, టికెట్ల కోసం అరుపులు. ఒక్కో బస్సు కిటికీలూ చూసుకుంటూ నడిచాను. ఎక్కడా కనిపించలేదు. వాళ్లింటి గేటు తీసుకుని లోపలికి పోయేసరికి ఆమె తల్లి వరండాలో వడియాల గుడ్డ మడత పెడుతోంది. నన్ను చూసి తొందరగా కొంగు సర్దుకుంది.

"రండి బాబూ, కూర్చోండి. అరగంట అయింది బస్సెక్కి. వాళ్ల నాన్నగారు దింపి రావడానికి వెళ్లారు" అంది.

మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. గోడ పక్కన నేను తిప్పి పంపిన బీరువా ఉంది, దాని మీద ఒక పెద్ద స్టీలు డబ్బా. ఆమె తల్లి నా చూపు చూసి డబ్బా దించి మూత తీసింది. అరిసెలు. శ్రావణం మొదట్లో సారెకని ఒక వాయి వండారట, మెత్తబడిపోతే పనిమనిషికి ఇచ్చేసి, మళ్లీ వండారట. ఇవి రెండోసారివి.

"సూట్‌కేసు మొదటివారమే సర్దుకుంది బాబూ. రోజూ సాయంత్రం అయ్యేసరికి తల దువ్వుకుని ఇదిగో ఇక్కడే కూర్చునేది. నేనే అన్నాను, ఆయనకి పనేమో, మనమే వెళ్లి దింపొస్తామే అని. వద్దంది."

ఏమనాలో తెలియక, సిస్టం పని ఈ రోజే పూర్తయిందని, ఆమె పేరు పెట్టానని, అది చూపించి తీసుకుపోదామని వచ్చానని చెప్పాను. చెప్తుంటే నా మాటలు నాకే పిచ్చివాడి మాటల్లాగా వినిపించాయి. ఆమె తల్లికి అందులో ఒక్క ముక్కా అర్థమై ఉండదు. అరిసెలు ఒక కాగితంలో పొట్లం కడుతూ, తప్పు పట్టినట్టు కాకుండా, మామూలుగా అంది.

"అవన్నీ ఎందుకు బాబూ? ఒక్కసారి వచ్చి గేటు దగ్గర నిలబడి పిలిచినా వచ్చేసేది. లోపలికి కూడా రానక్కర్లేదు."

అంతకంటే తక్కువ అడిగిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.